సెల్‌ఫోనుకు తాళము

నా చిన్నతనమున మా తండ్రిగారు పనిచేయు కార్యాలయమందు ఒకే టెలిఫోను ఉండెడిది. నల్లనిది, బరువైనది. ప్రధాన గుమాస్తాగారి బల్లమీద ఫైళ్ల కట్టల నడుమ అది గ్రామదేవతవలె కొలువుదీరి ఉండెడిది. దాని అంకెల చక్రములో ఒక రంధ్రమునకు చిన్న ఇత్తడి తాళము వేసి ఉండెడిది. ఆ తాళపుచెవి ప్రధాన గుమాస్తాగారి జందెమునకు కట్టి ఉండెడిది. వచ్చిన పిలుపు ఎవరైనను వినవచ్చును. బయటకు పిలువవలెనన్న మాత్రము ఆయన అనుజ్ఞ కావలెను. 1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ ఆపరేటరు సాయము లేకయే దూరప్రాంతమునకు మాట్లాడు ఎస్.టి.డి. పద్ధతి మన దేశమున మొదలైనది. అది ఊరూరికి ప్రాకిన కొలదియు బిల్లు చూచి గుండెలు బాదుకొను అధికారులును పెరిగిరి. ఈ తాళములును పెరిగినవి.

ఆ కార్యాలయమున ఒక కుఱ్ఱ గుమాస్తా ఉండెను. ప్రధాన గుమాస్తాగారు భోజనమునకు పోవుటయే తడవుగా అతడు రిసీవరు ఎత్తి, దానిని ఉంచు కొక్కెమును టకటక తట్టెడివాడు. మూడంకె కావలెనన్న మూడు తట్లు, ఏడు కావలెనన్న ఏడు. కొంచెము విరామము, మరల తట్లు. అవతల గంట మ్రోగెడిది! చక్రము త్రిప్పినప్పుడు జరుగునదియు అదియే. అంకె యెంతయో అన్ని మార్లు తీగలోని విద్యుత్ప్రవాహము తెగి కలియును. కొక్కెము నొక్కినను అట్లే తెగి కలియును. ఏలినవారు తాళము చక్రమునకు వేసిరి గాని తీగకు వేయలేదు.

కార్యాలయములలో సెల్‌ఫోనుల కట్టడి ఎట్లు వచ్చినదో ఈ సంచికకు వ్రాయుమని మన సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు మొదట జ్ఞప్తికి వచ్చినది ఆ టకటక శబ్దమే. కార్యాలయము తన ఉద్యోగి చేతనున్న యంత్రములో ఏ శక్తి పనిచేయవలెను, ఏది పనిచేయరాదు అని దూరమునుండి నిర్ణయించు ఏర్పాటునకు ఇప్పుడు 'పాలసీ' అని పేరు. ఫోటో తీయరాదు, సంకేతపదము లేక తెరువరాదు, ఫలానా యాప్ పెట్టుకొనరాదు - ఇవన్నియు పాలసీలే.

నిజమునకు ఈ తలంపు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను ఒక అధికారి కలడు. ఒక మాషకము పుచ్చుకొని అతడు ముద్రవేసి యిచ్చిన పత్రము లేనిదే జనపదములో ప్రవేశించుటకు గాని, దానిని విడిచి పోవుటకు గాని వీలులేదు. ముద్ర లేక తిరిగిన జానపదునకు 12 పణములు దండుగ. కాని ముద్ర ఎంత గట్టిదైనను, దానిని చూచి ఆపు మనుష్యుడొకడు గుమ్మమున నిలిచి ఉండవలెను. వాడు నిద్రపోయిన ముద్రయు నిద్రపోవును. మన కాలపు విశేషమేమనగా, నిబంధనయే కావలివాడైనది. కాగితముమీది నిబంధనను దాటినవానికి మరునాడు సంజాయిషీ కోరుచు మెమో వచ్చును. యంత్రములోని నిబంధనను దాటుటకు దారియే కానరాదు. మెమోలు వ్రాయుచు తల నెరసిన మా బోంట్లకు ఇది కొంత అసూయ కలిగించు సంగతియే.

1995 జూలై 31వ తేదీన కలకత్తా రైటర్స్ బిల్డింగునుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీ సంచార్ భవనమందున్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిరి. మన దేశమున మొదటి సెల్‌ఫోను సంభాషణ అది. ఒక సచివాలయమునుండి మరియొక సచివాలయమునకు! ఆనాటి యంత్రము మాట్లాడుటకు తప్ప వేరొండు పనికి రాదు గనుక దానికి బిల్లు భయము తప్ప ఇతర కట్టుదిట్టములు అక్కరలేకపోయినవి.

అసలు కథ 1999లో కెనడా దేశపు వాటర్లూ పట్టణమున మొదలైనది. రిసెర్చ్ ఇన్ మోషన్ అను సంస్థ ఆ సంవత్సరము బ్లాక్‌బెర్రీ 850 అను పేజరును వెలువరించినది. గడియారములలో వేయు బ్యాటరీ ఒక్కటి వేసిన నడచునది. చిన్న తెర, బొటనవ్రేళ్లతో నొక్కు అక్షరములు. దాని గొప్పతనము రూపములో లేదు. కార్యాలయమున ఒక సర్వరు కూర్చుండును. అధికారి జేబులో ఈ యంత్రము ఉండును. ఈ రెంటికి మాత్రమే తెలిసిన రహస్యపు తాళపుచెవితో ఉత్తరములు గుప్తలిపిలో పోయి వచ్చుచుండును. నడుమనున్న టెలిఫోను సంస్థకు గాని, కడకు బ్లాక్‌బెర్రీ చేసినవారికి గాని అందులో ఏమున్నదో తెలియదు.

ఆ సర్వరు ముందు కూర్చున్న ఉద్యోగికి క్రమక్రమముగా గొప్ప అధికారము సంక్రమించినది. సంకేతపదము ఎన్ని అక్షరములు ఉండవలెను, ఎన్ని నిమిషములు ముట్టుకొనకున్న యంత్రము తనంతట మూతపడవలెను, బ్లూటూత్ ఉండవచ్చునా, బయటి ప్రోగ్రాములు పెట్టుకొనవచ్చునా - ఇట్టి నియమములు వందల కొలదిగా పెరిగి చివరకు నాలుగు వందలు దాటినవి. ఉద్యోగి ఢిల్లీలో ఉండనిండు, డెన్మార్కులో ఉండనిండు, ఒక్క మీట నొక్కిన నియమము గాలిలో పోయి యంత్రమున నాటుకొనును. పది మార్లు సంకేతపదము తప్పు కొట్టినచో యంత్రము తనలోనిదంతయు తానే చెరిపివేసికొనును. పోయిన యంత్రమునకు 'ఉన్నదంతయు తుడిచి మూతపడుము' అని దూరమునుండియే ఆజ్ఞ పంపవచ్చును. జందెమునకు కట్టిన తాళపుచెవి ఎక్కడ, ఇది ఎక్కడ!

2001 సెప్టెంబరు 11న న్యూయార్కునందు జంట గోపురములు కూలిన దినమున సెల్‌ఫోనులు పలుచోట్ల మూగపోగా, ఈ పేజరులలో ఉత్తరములు నడచినవి. ఆ పిమ్మట అమెరికా ప్రతినిధుల సభవారు తమ సభ్యులందరికిని బ్లాక్‌బెర్రీలు ఇప్పించిరి. 2009 జనవరిలో అధ్యక్షపదవి చేపట్టిన ఒబామా తన బ్లాక్‌బెర్రీని విడువనని పట్టుపట్టెను. భద్రతాధికారులు ఎంతో తర్జనభర్జన జరిపి, అదనపు కట్టుదిట్టములు చేసి, కొద్దిమందితో మాత్రమే ఉత్తరప్రత్యుత్తరములు జరుపు షరతుపై ఒప్పుకొనిరి. 2016లో ఆయనకు క్రొత్త ఫోను ఇచ్చిరి. అది ఫోటో తీయదు, సందేశము పంపదు, పాట వినిపించదు. మూడేళ్ల పిల్లవానికి కొనియిచ్చు ఆటబొమ్మ ఫోనువలె ఉన్నదని ఆయన ఒక టెలివిజన్ కార్యక్రమమున చెప్పి నవ్వించెను. లోకమునెల్ల శాసించువాని ఫోనును అతని క్రింది ఉద్యోగులు శాసించుట చూడ ముచ్చటయే.

నియమము యంత్రములో లేక కాగితముమీద మాత్రమే ఉన్న యెడల ఏమగునో తెలుపు వ్యాజ్యెమొకటి అదే దేశమున నడచినది. కాలిఫోర్నియాలో ఒంటారియో అను నగరము కలదు. అచటి పోలీసు శాఖవారు 2001లో తమవారికి పేజరులు ఇచ్చిరి. నెలకు 25,000 అక్షరములవరకు ఖర్చు శాఖది. ఆఫీసు యంత్రములలో ఏదియు మీ సొంత రహస్యము కాదని వ్రాతపూర్వకమైన నిబంధన ఉన్నది. కాని ఒక సార్జెంటు పరిమితి దాటినప్పుడు పైయధికారి, అదనపు ఖర్చు నీవు కట్టుకొన్నచో నీ సందేశములు తనిఖీ చేయనని నోటిమాటగా చెప్పెను. ఆ సార్జెంటు అట్లే కట్టుచు వచ్చెను. డబ్బు వసూలు చేసి చేసి విసిగిన ఆ యధికారియే ఆ సంగతి పైకి చెప్పగా, శాఖాధిపతి సందేశముల నకళ్లు తెప్పించెను. 2002 ఆగస్టులో పని వేళలందు ఆ సార్జెంటు పంపినవి, అందుకొన్నవి 456 సందేశములు. అందు ఉద్యోగ సంబంధమైనవి 57కు మించలేదు. కేసు సుప్రీంకోర్టువరకు పోయినది. 2010 జూన్ 17న న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ తనిఖీ సమంజసమనిరి. ఆఫీసు యంత్రములో ఉద్యోగికి ఏపాటి గోప్యత కలదను పెద్ద ప్రశ్నకు మాత్రము ఈ సాంకేతికము ఇంకను మారుచున్నదని వారు జవాబీయక దాటవేసిరి. లిఖితపూర్వకమైన ఉత్తర్వునకును పైయధికారి నోటిమాటకును తేడా వచ్చినప్పుడు నోటిమాట నమ్మినవాడే నలుగునని మన సెక్షన్ ఆఫీసర్లకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక కెమెరా సంగతి. 2000వ సంవత్సరాంతమున జపాను దేశమున షార్ప్ కంపెనీవారు కెమెరా గల ఫోను అమ్మిరి. అది మొదలు కర్మాగారములకు, సైనిక స్థావరములకు కంటిమీద కునుకు లేదు. అనేక సంస్థలు గుమ్మమువద్ద ఫోను కెమెరా కంటికి చీటీ అతికించి లోనికి పంపసాగినవి. బయటకు వచ్చునప్పుడు చీటీ చెక్కుచెదరక ఉన్నదో లేదో చూచెడివారు. పెద్ద సంస్థలు, ప్రభుత్వములు తమకు ప్రధాన ఖాతాదారులగుటచేత బ్లాక్‌బెర్రీవారు 2006వరకు తమ ఫోనులలో కెమెరాయే పెట్టలేదు. (భయమునకు హద్దు లేదనుటకు ఒక ఉదాహరణ: ఫర్బీ అను మాటలాడు బొచ్చుబొమ్మ విన్నది తిరిగి చెప్పునేమో అను అనుమానముతో అమెరికా జాతీయ భద్రతా సంస్థవారు దానిని తమ కార్యాలయములకు తీసికొని రారాదని నిషేధించిరి. 1999లో పత్రికలు ఈ వార్తతో కొన్నాళ్లు కాలక్షేపము చేసినవి.) దక్షిణ కొరియావారు చేసిన ఏర్పాటు ఇన్నిటిలో తెలివైనదని నా అభిప్రాయము. 2019 ఏప్రిల్‌లో పరీక్షార్థము, 2020 జూలైనుండి పూర్తిగా, అచటి సైనికులకు సాయంకాలపు విరామవేళ సొంత ఫోను వాడుకొన అనుజ్ఞ లభించినది. షరతు ఒక్కటే: రక్షణ మంత్రిత్వశాఖవారి యాప్ ఫోనులో ఉండవలెను. స్థావరము లోపల ఉన్నంతసేపు కెమెరా మూతపడును. బయటకు పోవునప్పుడు మరల తెరచుకొనును. తల్లిదండ్రులతో మాట్లాడుటకు అడ్డు లేదు.

కెనడావారి ఏకచ్ఛత్రాధిపత్యము ఎక్కువకాలము నిలువలేదు. 2005లో మైక్రోసాఫ్ట్‌వారు తమ ఎక్స్చేంజి మెయిల్ సర్వరునుండియే ఫోనులకు సంకేతపదపు నియమములు విధించు, దూరమునుండి తుడిచివేయు శక్తిని చేర్చిరి. 2007లో ఐఫోను వచ్చినది. సంస్థల అధికారులు మొదట దానిని ఆటవస్తువని త్రోసిపుచ్చిరి. కాని సంస్థల యజమానులే దానిని కొనుక్కొని 'దీనిలో నా ఉత్తరములు రావలెను' అని కూర్చున్నప్పుడు ఎవరు కాదనగలరు? 2008 జూలైలో ఆపిల్‌వారు ఎక్స్చేంజి ఉత్తరములకును, తుడిచివేతకును ఏర్పాటు చేసిరి. 2010లో ఫోనులను దూరమునుండి నిర్వహించు సమగ్రమైన పద్ధతిని తెచ్చిరి. ఈ నడుమ ఒక వింత జరిగినది. కొన్ని సంస్థలు, సమాచారమును గుప్తలిపిలో దాచగల ఫోనులనే అనుమతింతుమని నియమము పెట్టినవి. సర్వరు ఫోనును 'నీకు ఆ శక్తి కలదా?' అని అడుగును, ఫోను 'కలదు' అనును, తలుపు తెరచుకొనును. నిజమునకు ఐఫోను 3జి యందు ఆ శక్తి లేదు. 2009 సెప్టెంబరులో వచ్చిన క్రొత్త సాఫ్ట్‌వేరుతో ఆ ఫోను నిజము చెప్పుట మొదలుపెట్టగా, అంతవరకు హాయిగా ఉత్తరములు చదువుకొనుచున్నవారు తెల్లవారునప్పటికి వెలివేయబడిరి. పాలసీ యెంత కఠినమైనదైనను అది ఫోను చెప్పు మాటమీద ఆధారపడినదేనని అప్పుడు లోకమునకు తెలిసినది.

ఇచట మా యింటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. నా తమ్ముడు హైదరాబాదున ఒక సంస్థలో ఇంజనీరు. 2011లో వారు, ఆఫీసు ఉత్తరములు మీ సొంత ఫోనులోనే చూచుకొనుడని ఉద్యోగులకు చెప్పిరి. అందరును సంతసించిరి, రెండు ఫోనులు మోయు బాధ తప్పినది. ఆఫీసు మెయిలు పెట్టుకొనునప్పుడు ఫోనుతెరమీద ఒక పట్టిక వచ్చును. ఈ సర్వరునకు మీ ఫోనుమీద ఇన్ని అధికారములు ఇచ్చుచున్నారు, అందులో మొదటిది ఉన్నదంతయు చెరిపివేయుట అని అందు స్పష్టముగ వ్రాసియే ఉండును. మా తమ్ముడు చదువక నొక్కెను. ఎవరు చదువుదురు? ఆనాటి ఆండ్రాయిడ్ ఫోనులలో, అనగా 2010లో వచ్చిన ఏర్పాటులో, ఆఫీసు భాగమిది, సొంత భాగమిది అను విభజన లేదు. తుడిచిన అంతయు తుడువవలసినదే.

2012లో అతడు ఆ ఉద్యోగము మానుకొనెను. చివరి దినము సాయంకాలము బస్సులో ఇంటికి వచ్చుచుండగా ఫోను తనంతట ఆరి వెలిగెను. అంగడినుండి క్రొత్తగ తెచ్చినట్లు, స్వాగతము, భాష ఎన్నుకొనుడు అని అడిగెను. ఆఫీసు ఉత్తరములు పోయినవి; అవి పోవలసినవే. వానితోబాటు మా మామ్మ పాటయు పోయినది. ఆ ముందటి సంవత్సరము సంక్రాంతికి ఆమె గొబ్బెమ్మలముందు కూర్చుండి పాడినది, ఏడెనిమిది నిమిషముల పాట, అతడు ఫోనులో పట్టి ఉంచెను. ఆ వేసవిలో ఆమె పోయినది. ఆమె కంఠస్వరము మాకు వేరొకచోట లేదు. రేపు ఎల్లుండి కాపీ చేయుదమనుకొనుచునే ఏడాది గడచినది.

ఆ సంస్థవారిని నేను దూషింపను. నేనును నిబంధనల చిత్తుప్రతులు వ్రాసి పొట్టపోసికొనువాడనే. మానుకొన్న ఉద్యోగి జేబులో సంస్థ రహస్యములు మిగులరాదనుట న్యాయము. మీట నొక్కిన ఉద్యోగికి ఆ రోజు అది పట్టికలో ఒక పంక్తి. నొక్కినాడు, పక్క పంక్తికి పోయినాడు. కాని ఆ నిబంధనను వ్రాసినవారి ఊహలో ఫోను అనగా ఆఫీసు ఉత్తరములుండు పెట్టె మాత్రమే. దానిలో ఒకని ఇంటివారు కూడ కాపురముందురని వారికి తోచలేదు. మా తమ్ముడు ఆ రాత్రి అన్నము తినలేదు. మా నాన్నగారు, ఆమె కొడుకు, ఒక్క మాటయు అనలేదు.

ఇట్టి గోడు లోకమంతట వినబడినందుననే కాబోలు, ఫోనును రెండు గదులుగ కట్టు ఆలోచన బలపడినది. 2013లో శామ్‌సంగ్‌వారు నాక్స్ అను పేరున ఒక రహస్యపు గదిని ఏర్పరచిరి. 2014 చివర వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 తో ఆఫీసు యాప్‌లకు వేరు గది వచ్చినది. వాని గుర్తుమీద చిన్న చేతిపెట్టె బొమ్మ ఉండును. అధికారులు ఆ గదిలోని సామాను పారవేయగలరు. పక్క గదిలోనికి తొంగిచూడలేరు. 2019లో ఆపిల్‌వారును ఉద్యోగుల సొంత ఫోనులకై ఇట్టి విభజన చేసిరి. 2014 మార్చిలో మైక్రోసాఫ్ట్‌వారు సంస్థల ఫోనుల నిర్వహణకై ఒక సంపుటిని ప్రకటించిన సభకు అధ్యక్షత వహించినది, అంతకు నెల ముందే ఆ సంస్థ పగ్గములు చేపట్టిన హైదరాబాదు వాడు సత్య నాదెళ్ల. మనవాడని చెప్పుకొనుటకు ఒక సందు దొరికినది గనుక చెప్పుచున్నాను. గదుల విభజన ఆయన కనిపెట్టినది కాదు.

మన ప్రభుత్వము ఈ వ్యవహారమున రెండు వైపుల నిలువవలసి వచ్చినది. 2010 ఆగస్టులో, బ్లాక్‌బెర్రీ సందేశములు చూచుటకు భద్రతా సంస్థలకు దారి చూపనిచో ఆ సేవలను నిలిపివేయుదుమని నెలాఖరువరకు గడువిచ్చినది. సంస్థల ఉత్తరముల తాళపుచెవులు ఆ సంస్థలవద్దనే ఉండును, మావద్ద లేవని కెనడావారు మొరపెట్టుకొనిరి. గడువులు పొడిగించుచు, సంప్రదింపులు సాగించుచు ఆ వివాదము కొంతకాలమునకు చల్లారినది. ఇతరుల తాళము తెరువుమన్న ప్రభుత్వమే తన తాళములు బిగించుకొనవలసిన దినములును వచ్చినవి. 2014-15లో ప్రభుత్వ ఉద్యోగుల ఈమెయిలుకును, కంప్యూటరు వనరుల వాడుకకును విధానములు వెలువడినవి. 2020 జూన్ 29న 59 యాప్‌లను దేశమంతట నిషేధించిరి. అందు, కాగితములను ఫోటో తీసి పంపుటకు మన కార్యాలయములలో చాలమంది నమ్ముకొన్న క్యామ్‌స్కానర్ ఒకటి. ఆ మరుసటి నెల సైన్యమువారు ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తొలగింపవలెనని తమవారిని ఆదేశించిరి. ఒక సైనికాధికారి ఢిల్లీ హైకోర్టునకు పోయెను. కోర్టు జోక్యము చేసికొనలేదు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకములు, ప్రభుత్వ పత్రములను గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటి బయటి గిడ్డంగులలో దాచరాదనియు, ఫోనుల సహజ కట్టుదిట్టములు తెంచరాదనియు చెప్పినవి.

ఇట్టి జాగ్రత్త అతి అనుకొనువారికి ఒక్క సంగతి. సైనికులు ప్రొద్దున పరుగెత్తునప్పుడు ఎంత దూరము పరుగెత్తిరో లెక్కించు స్ట్రావా అను యాప్, లోకమందలి పరుగులన్నిటిని చుక్కలుగ గుర్తించి పటము వేసినది. 2018 జనవరిలో ఎవరో చూడగా ఎడారుల నడుమ సైనిక స్థావరముల ఆకారములు వెలుగు గీతలై కనబడినవి. ఆ ఆగస్టులో అమెరికా రక్షణశాఖ, యుద్ధరంగములందు స్థలము తెలుపు శక్తులను ఆపివేయవలెనని ఉత్తరువు చేసినది. ఎవడును గూఢచారి కాడు; అందరును ఆరోగ్యము కాపాడుకొనువారే!

మరియొక వైపున, 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి కేసులో, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగ తీర్పు చెప్పినది. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున, ఉద్యోగ సంబంధమైన పనులకును, యజమానిని నష్టమునుండి కాపాడుకొనుటకును ఉద్యోగి సమాచారమును వినియోగించుటను న్యాయసమ్మతముగ పరిగణించు ఒక ఉపవాక్యము చేరినది. తీర్పును ఉపవాక్యమును ఎదురెదురుగ నిలిపి వాదించు కేసులు ఇకమీద న్యాయస్థానములకు రాకపోవు. మామ్మ పాటవంటిది ఏ వైపు తూగునో చూడవలెను.

బ్లాక్‌బెర్రీ పాత యంత్రములకు 2022 జనవరి 4తో సేవలు నిలిచినవి. మొన్న సంక్రాంతికి మేమందరము ఊరిలో కలిసినప్పుడు, తమ్ముడు తన ఫోనులో చేతిపెట్టె బొమ్మలున్న గదిని నాన్నగారికి చూపించి, పండుగ నాలుగు రోజులు దానిని నిద్రపుచ్చు మీటను నొక్కెను. బొమ్మలన్నియు బూడిదరంగునకు తిరిగినవి. ఆఫీసువారు ఇప్పుడు తుడిచినను ఈ గదియే పోవునని, పిల్లల ఫోటోలు పోవని వివరించెను. నాన్నగారు ఫోను చేతికి తీసికొని, కళ్లద్దములు సవరించుకొని, అటు ఇటు త్రిప్పి చూచి, "దీనికి కొక్కెం ఎక్కడుందిరా?" అని అడిగిరి.

తమ్ముడు నావైపు చూచెను. 2007లో ఐఫోను వచ్చిన కొద్ది వారములకే దాని కట్టుదిట్టములు తెంచు ఉపాయములు బయలుదేరినవని, అట్లు తెంచిన ఫోనును ఆఫీసు సర్వరు గుర్తించి వెలివేయుటకు ప్రయత్నించునని, గుర్తింపకుండ మభ్యపెట్టువారును కలరని నేను చెప్పితిని.

"అయితే ఉందన్నమాట," అని ఫోను వానికి తిరిగి యిచ్చివేసిరి.